ఒక్క బిళ్ళ ఆపినందుకు

మా జీఎన్ఎం (నర్సింగ్ డిప్లొమా) ప్రాక్టికల్స్ గట్టెక్కాయి. పక్క వెయ్యడం, డ్రెస్సింగ్, ఇంజెక్షన్ అన్నీ ఇట్టే అయిపోయాయి. మందులిచ్చే పరీక్ష తలుచుకుంటే మాత్రం ఇంకా కడుపు మండుతోంది.

మాది ఆంధ్రా సరిహద్దులో, ఒడిశాలోని పర్లాకిమిడి పక్క పల్లె. ఇంట్లో తెలుగు, వార్డులో ఒడియా. నాకు పడ్డ పేషెంటు పాతపట్నం తాత, కూతురింటికొచ్చినప్పుడు గుండెపోటొచ్చి చేరాడు. ఆయనకు నేనివ్వాల్సింది మెటోప్రొలాల్ ఎక్స్ఎల్ 50, అంటే మందు మెల్లమెల్లగా విడుదలయ్యే 50 మిల్లీగ్రాముల గుండె బిళ్ళ.

కేస్ షీటులో పల్స్ గడి చూశాను. 72, 72, 72. డ్యూటీలు మారినా 72 మారలేదు. పక్క మంచం షీటూ అంతే! నేను స్టెతస్కోపు ఎడమ చనుమొన కింద, ఐదో పక్కటెముకల సందులో పెట్టి నిమిషమంతా విన్నాను. మధ్యలో తాత, "ఏటి తల్లీ, ఇంకా దొరకనేదా?" అన్నాడు. దొరికింది, 46. బీపీ 98/60.

బిళ్ళ ఇవ్వకుండా డాక్టరుకు చెప్తానన్నాను. అంతే, ట్యూటర్ మేడమ్ ట్రే లాక్కున్నారు. "పదిహేను సెకన్లు చూసి నాలుగుతో హెచ్చవేయడం రాదా? నువ్వేమైనా డాక్టరువా?" అని వార్డంతా వినేలా అరిచారు. అటెండెంట్లు లేచి మరీ చూశారు. నన్ను మంచం కాళ్ళ దగ్గర నిలబెట్టి తర్వాతి అమ్మాయిని పిలిచారు. చేతులెక్కడ పెట్టుకోవాలో తెలీలేదు. కానీ కదల్లేదు.

ఎందుకంటే ఈ మందు చేసేదే గుండెను నెమ్మదింపజేయడం. గుండెను పరుగెత్తించే అడ్రినలిన్ వచ్చి కూర్చునే బీటా గ్రాహకాల్లో ఇది ముందే, మన బస్సులో తువ్వాలేసి సీటు ఆపుకున్నట్టు, కూర్చుంటుంది. గుండె వేగం తగ్గుతుంది, బీపీ దిగుతుంది. అప్పటికే 46 ఉన్నవాడికి ఇంకా తగ్గించి ఏం చేస్తాం? మా పుస్తకంలో పల్స్ 60 లోపున్నా, పై బీపీ 100 లోపున్నా బిళ్ళ ఆపి డాక్టరుకు చెప్పమనే ఉంది. కొన్నిచోట్ల 50 అంటారు. మీ వార్డు ఆర్డరులో ఏముందో అది చూసుకోండి.

డ్యూటీ డాక్టరు వచ్చి తనూ విన్నారు, ఈసీజీ తీయించారు. గుండె పై గదుల నుంచి కింది గదులకు సంకేతం ఆలస్యంగా దిగుతోందట. "ఇవాళ వద్దు. రేపు చూసి 25 ఇద్దాం" అన్నారు. షీటులో 'ఆపాం' అని రాసి సంతకం పెట్టింది ఎవరనుకున్నారు? మేడమే. నా పేరు లేదు సరే, ఆ 72లు కూడా అలాగే ఉన్నాయి.

తాత కూతురు వెనకాలే వచ్చి, "అయితే ఇంటికెళ్ళాక ఈ బిళ్ళ మానిపించేమంటావా అమ్మా?" అనడిగింది. ఇక్కడే చాలామంది దెబ్బ తింటారు. ఒక పూట డాక్టరు చెప్పి ఆపడం వేరు, సొంతంగా మానేయడం వేరు. ఒక్కసారిగా మానేస్తే గుండె రెచ్చిపోయి మళ్ళీ నొప్పి, గుండెపోటు రావచ్చు. మాన్పించాల్సి వస్తే వారం రెండు వారాల్లో మెల్లగా తగ్గిస్తారు. పెళ్ళికని ఊరెళ్ళి మాత్రలు ఇంట్లో వదిలేసేవాళ్ళు మా సరిహద్దులో బోలెడుమంది. ఆవిడకు ఇదంతా మన తెలుగులోనే చెప్పాను. ఆ పని చేసినందుకు మార్కులేవీ లేవు.

వైవాలో, అంటే నోటి పరీక్షలో, బయటినుంచి వచ్చిన ఎక్స్‌టర్నల్ ఆస్తమా వాళ్ళకు ఇదే జాతి మందు ప్రొప్రానొలాల్ ఎందుకివ్వరని అడిగారు. అది ఊపిరితిత్తుల్లోని బీటా-2 గ్రాహకాలను కూడా మూసి గొట్టాలు బిగిసేలా చేస్తుందన్నాను. షుగరు వాళ్ళకో? షుగరు పడిపోయినప్పుడొచ్చే వణుకు, దడ కనిపించవు, చెమట మాత్రం పడుతుందన్నాను. ప్రొప్రానొలాల్ కనిపెట్టినదెవరన్నారు. జేమ్స్ బ్లాక్, 1988లో నోబెల్ అన్నాను. ఆవిడ తలెత్తి చూశారు! మా బ్యాచ్‌లో అది చెప్పింది నేనొక్కదాన్నే.

మీ వంతు ఉంటే ఎక్స్ఎల్ బిళ్ళను నలిపి ముక్కు గొట్టంలో వెయ్యకండి, మందంతా ఒకేసారి దిగిపోతుంది. సొంత స్టెతస్కోపు, సెకన్ల ముల్లున్న గడియారం పట్టుకెళ్ళండి. మా వార్డు గోడ గడియారం ఆగిపోయి ఉంది.