వెనిగర్‌లో నానబెట్టిన ఛాసిస్

నిన్న సాయంత్రం పక్కింటి పెద్దావిడ డబ్బా ఆవిడకు తిరిగి ఇచ్చేసి వచ్చాను. మూడు వారాలుగా అది మా భోజనాల బల్ల సగం ఆక్రమించింది. ఇక కూర గిన్నెలు మళ్ళీ మధ్యలో పెట్టుకోవచ్చు. కానీ ఈ మూడు వారాల్లో నా పరువు ఎంత పోయిందో ఎక్కడో ఒకచోట చెప్పుకోకపోతే నిద్ర పట్టేలా లేదు.

మేముండేది కాలిఫోర్నియాలో, శాంటా ఆనాకు ఇరవై నిమిషాల దూరంలో. పక్కింటావిడకు ఎనభై దాటాయి. భర్త పోయి రెండేళ్ళయింది. ఆయన కుర్రతనంలో స్లాట్ కార్లనే చిన్న కరెంటు బొమ్మ కార్లను పందేలకు తోలేవాడట. ట్రాకులో సన్నని గాడి ఉంటుంది. కారు ముందు భాగం కింద ఉండే గైడ్ ఆ గాడిలో దిగి నడుస్తుంది. గాడికి అటూ ఇటూ ఉన్న లోహపు పట్టీల నుంచి మోటారుకు కరెంటు అందుతుంది. చేతిలో కంట్రోలర్ ఉంటుంది, వేగం మన ఇష్టం. 1960ల మధ్యలో అమెరికాలో ఇదో పిచ్చి. ఆ దశాబ్దం ముగిసేసరికి చాలా ట్రాకులు మూతపడ్డాయి, కార్లు గరాజుల్లో అట్టపెట్టెల పాలయ్యాయి.

"ఈ డబ్బాలో ఉన్నవి ఆయన కార్లే, మనవడు అమ్ముతానంటున్నాడు. ఏది ఏమిటో ఒక జాబితా రాసిపెట్టగలరా? మీరు ఇంజినీరు కదా" అని అడిగింది. ఆ చివరి మాటకు పడిపోయాను. కాకినాడలో మెకానికల్ డిస్టింక్షన్‌తో పాసైనవాణ్ణి, ఈ బొమ్మ కార్లు ఒక లెక్కా అనుకున్నాను.

డబ్బాలో పదకొండు ఉన్నాయి. ఎక్కువ వాటికి పై బాడీ లేదు, ఒట్టి ఛాసిస్‌లే, అంటే మోటారూ చక్రాలూ బిగించే కింది చట్రాలే.

చిన్నవి నాలుగూ అరగంటలో తేలిపోయాయి. అన్నీ ఆరోరా కంపెనీవి. అడుగునే పేరుంది. రెండు థండర్‌జెట్ 500లు, 1963లో వచ్చిన రకం. మోటారు ఊతప్పంలా పడుకుని ఉంటుంది, పైన పళ్ళ చక్రాలు కనిపిస్తాయి. మిగతా రెండూ అదే కంపెనీ తర్వాత తెచ్చిన ఏఎఫ్ఎక్స్ జాతివి. తిరగేసి చూస్తే ఒకదానికి అయస్కాంతాలు అడుగు నుంచి బయటికి కనిపిస్తున్నాయి. అది మాగ్నా ట్రాక్షన్ అనే రకం. కనిపించనిది అంతకు ముందుది. అంతే.

పెద్దవి ఏడు, 1/24 సైజువి, అంటే అసలు కారులో ఇరవై నాలుగో వంతు. తంటా అంతా వీటితోనే.

ముందుగా ఒకటి చెప్పేస్తాను, ఎవరికైనా పనికొస్తుంది. పై బాడీని చూసి ఛాసిస్ పేరు చెప్పేవాణ్ణి నమ్మకండి. పాత వస్తువులు కొని అమ్మే ఒకాయనకు ఫోటోలు పంపాను. పాతిక డాలర్లు తీసుకుని "ఫోర్డ్ జీటీ" అని రెండు ముక్కలు రాశాడు. అది బాడీ పేరు! కింద ఉన్నది ఎవరో ఇంట్లో ఇత్తడి గొట్టాలూ స్టీలు తీగా కలిపి టంకం పెట్టి చేసుకున్నది. రెండు పిన్నులు లాగితే బాడీ ఊడొస్తుంది, ఇంకోటి పెట్టుకోవచ్చు. మోటారును నమ్ముకున్నా అంతే సంగతులు. డబ్బా మీద ఏ అమెరికన్ కంపెనీ పేరున్నా లోపల చాలావాటిలో ఉండేది జపాన్ మబూచీ మోటారే. పైగా పందెంగాళ్ళు వారానికోసారి మోటారు మార్చేసేవాళ్ళు. మారనిది ఛాసిస్ ఒక్కటే. అది చెప్పే కబురే నిజం. ఆ పాతిక డాలర్ల పెద్దమనిషికి ఈ మాత్రం తెలియదా? తెలుసు. బద్ధకం, అంతే.

ఇత్తడివి నాలుగూ ఇలా చేత్తో చేసినవే కాబట్టి వాటికి కంపెనీ పేరు వెతకడం దండగ. మోటారు ఎటు తిరిగి ఉందో చూసి కాలం రాసుకున్నాను. కారు పొడవునా ఉంటే ఇన్‌లైన్. వెనక ఇరుసుకు సమాంతరంగా అడ్డంగా ఉంటే సైడ్‌వైండర్. ఈ రెండూ కాక ఏటవాలుగా ఉంటే యాంగిల్‌వైండర్, అది పందేల్లో ఊపందుకున్నది 1968లో. కాబట్టి అలాంటిదాన్ని 1965 నాటిదని ఎవరైనా అమ్మజూపితే దండం పెట్టి వచ్చేయండి. ఇరుసు చివర మరలుండి చక్రం బిగించేది పాత పద్ధతి. చక్రంలో ఆరు పలకల తాళంతో బిగించే చిన్న అలెన్ స్క్రూ ఉంటే తర్వాతి కాలంది అనుకోవచ్చు, కాకపోతే ఇరుసులు కూడా మార్చేవాళ్ళు కనుక అదొక్కటే చూసి తీర్పు చెప్పకూడదు.

ఇక నా ఘనకార్యం.

ఇత్తడివి నల్లగా ఉన్నాయి. మా నాయనమ్మ బిందెలు తోమినట్టు చింతపండు పెట్టి రుద్దాను. బంగారంలా తేలాయి. మా ఆవిడ కూడా మెచ్చుకుంది. ఆ ఊపులో మిగిలిన మూడూ చేతిలోకి తీసుకున్నాను. రెండు అల్యూమినియం అని స్పష్టంగా తెలుస్తోంది. మూడోది పోతపోసిన ముక్క, మోటారు అడ్డంగా కూర్చునే చోటుంది, బూడిదరంగు, మధ్య మధ్య తెల్లటి పొడిలాంటి మచ్చలు. ఇదీ అల్యూమినియమే, కాస్త తుప్పు పట్టిందనుకున్నాను. ముద్దరేదైనా ఉంటే మచ్చల కింద దాక్కుని ఉంటుందని, మోటారూ ఇరుసులూ విప్పేసి వెనిగర్ గిన్నెలో వేశాను. వేయగానే బుడగలొచ్చాయి. మురికి వదులుతోందని సంబరపడ్డాను.

సరిగ్గా అప్పుడే కాకినాడ నుంచి అమ్మ ఫోన్. మా పెద్దమ్మ కొడుకు పెళ్ళి సంబంధం గురించి. నలభై నిమిషాలు.

తిరిగొచ్చేసరికి గిన్నె సోడాలా పొంగుతోంది. ముక్క తీస్తే నల్లటి మడ్డి వేళ్ళకు అంటింది. కడిగి చూస్తే ఒళ్ళంతా మశూచి వచ్చినట్టు గుంటలు. మోటారు స్క్రూ దూరే రంధ్రం అంచు ఒకవైపు తినేసింది. మా ఆవిడ వచ్చి చూసి, "ఏవండీ, అది వాళ్ళది కదా?" అంది. అంతకంటే ఒక్క మాట ఎక్కువ అనలేదు. అనుంటేనే బావుండేది.

ఆ ఆదివారమే దగ్గర్లో పాత హాబీ సామాన్ల సంత జరిగింది. ఏ మూలో ఒక పెద్దాయన్ని పట్టుకుని గుట్టుగా అడుగుదామని వెళ్ళాను. బల్ల నిండా ఛాసిస్‌లు పరుచుకుని కూర్చున్న ఒకాయనకు చూపించాను. ఆయన కళ్ళజోడు కూడా పెట్టుకోలేదు. అరచేతిలో వేసుకుని ఒకసారి ఎగరేసి పట్టుకున్నాడు. తన బల్ల మీద నుంచి దాదాపు అంతే ఉన్న అల్యూమినియం ముక్క తీసి, "కళ్ళు మూసుకో" అన్నాడు. యాభై రెండేళ్ళ మనిషిని, సంతలో నిలబడి కళ్ళు మూసుకున్నాను. రెండు చేతుల్లో రెండూ పెట్టాడు.

"ఏది బరువు?"

కుడిచేతిది. చిన్నపిల్లాడికైనా తెలిసేంత తేడా.

"ఎడమచేతిలోది మెగ్నీషియం. కాక్స్ కంపెనీ వాళ్ళది. ఇక్కడే శాంటా ఆనాలో చేశారు. ఈ గుంటలేమిటి?"

చెప్పాను. ఆయన వెనక్కి తిరిగి పక్క బల్లలవాళ్ళను పిలిచాడు. ముగ్గురొచ్చారు. "చూడండి, ఈయన మెగ్నీషియాన్ని ఊరగాయ పెట్టాడు" అన్నాడు. అందరూ నవ్వారు. వాళ్ళలో ఒకతను, "ఏం చేస్తుంటావు?" అని అడిగితే నోరు జారి ఇంజినీర్నని చెప్పాను. ఆ నవ్వు ఇంకా చెవుల్లో ఉంది.

నవ్వు అయ్యాక ఆయన మాత్రం నెమ్మదిగా, "ఇత్తడివాటిని కూడా తోమావా?" అని అడిగాడు. తోమానన్నాను. తల పట్టుకున్నాడు. చేత్తో చేసినవాటికి ఆ నలుపూ, టంకం చుట్టూ ఉన్న మరకలే చిరునామా అట. ఎవరి చేతి పని అనేది వాటిని చూసే గుర్తుపడతారట. మనకు ఏదైనా మెరిస్తేనే శుభ్రం. గుళ్ళో పాత శిల్పాలకు సున్నం కొట్టే జాతి మనది, చింతపండు ఒక లెక్కా.

ఇంటికొచ్చాక కసికొద్దీ లెక్క తేల్చాను. ఇది మాత్రం గర్వంగానే చెప్పుకుంటాను. గ్రాములో పదో వంతు చూపే చిన్న తూకం మెషీన్ ఒకటి మా ఇంట్లో ఉంది. ముక్కకున్న ఇనుప, ఇత్తడి భాగాలన్నీ తీసేసి తూచాను. 21 గ్రాములు. తర్వాత మెషీన్ మీద నీళ్ళ గ్లాసు పెట్టి సున్నా చేసి, ముక్కను దారంతో వేలాడదీసి నీళ్ళలో పూర్తిగా ముంచాను. అడుగుకు తగలకూడదు, అంచులకు తగలకూడదు. 11.7 చూపించింది. అది ముక్క ఎన్ని ఘనపు సెంటీమీటర్లో చెప్పే అంకె. 21ని దాంతో భాగిస్తే సాంద్రత 1.8. మెగ్నీషియం 1.74, పోత లోహంలో వేరేవి కలుస్తాయి కనుక కాస్త ఎక్కువ. అల్యూమినియం ముక్కలకు 2.7 వచ్చింది. ఇత్తడికైతే ఎనిమిది దాటుతుంది. ఆర్కిమెడిస్ సూత్రం తొమ్మిదో తరగతిలోనే చదివాను, గుర్తొచ్చింది మాత్రం వెనిగర్ అయ్యాక. నీళ్ళలోంచి తీయగానే తుడిచి ఆరబెట్టండి. మెగ్నీషియాన్ని ఆకురాయితో గీకి చూద్దామని మాత్రం అనుకోకండి, ఆ పొడి అంటుకుంటుంది.

నిన్న జాబితా పట్టుకుని వెళ్ళి ఆవిడకు జరిగింది జరిగినట్టు చెప్పాను. డబ్బు కట్టేస్తానని కూడా అన్నాను. ఆవిడ జాబితా వంక చూడనేలేదు. డబ్బాలో చెయ్యిపెట్టి ఒక్కొక్కటీ తీసి బల్ల మీద పెట్టింది. "ఇది మూడో మలుపులో గోడకు కొట్టిన బండి, ఈ తీగ అందుకే వంగింది. ఇదేమో మా పెళ్ళికి ముందు రాత్రి చేసింది, ఆ టంకం చూడండి ఎంత అసహ్యంగా ఉందో." ఆవిడ ఆయన పందేలకు గడియారం పట్టుకుని కూర్చునేదట. నాకు మూడు వారాలు పట్టిన పని ఆవిడ పది నిమిషాల్లో చేసేసింది. నా జాబితాలో ఒకదాన్ని తప్పు రాశానని కూడా తేలింది, ఇన్‌లైన్ ఇత్తడి బండ్లలో ఒకటి ఆయన చేసింది కాదు, స్నేహితుడి దగ్గర పందెంలో గెలుచుకున్నదట.

గుంటలు పడ్డ కాక్స్ ముక్కను వేలితో తడిమి, "ఆయనుంటే మీతో ఆర్నెల్లు మాట్లాడేవాడు కాదు" అంది. తర్వాత దాన్ని నా వైపు తోసింది. "ఇది మీరే ఉంచుకోండి. మనవడు ఎలాగూ దీన్ని అమ్మలేడు."

ఇప్పుడది నా బల్ల మీద ఉంది. మోటారు మూడు స్క్రూలతో నిలబడుతోంది. టైర్లు గట్టిపడి పగుళ్ళిచ్చాయి, కొత్తవి వెతుకుతున్నాను.