ఇంకొక్క ముద్ద

మా అబ్బాయికి ఆరేళ్ళు వచ్చేదాకా నేనే అన్నం కలిపి తినిపించాను. ఇది అమ్మమ్మ ముద్ద, ఇది తాతయ్య ముద్ద, ఇది హైదరాబాదు పిన్ని ముద్ద. ఎవరి ముద్ద వదిలేసినా వాళ్ళు అలుగుతారని చెప్పేదాన్ని. డాలస్ దగ్గర మేముండే ఈ ఊళ్ళో మాకు బంధువులెవరూ లేరు. వాడు తన మనుషుల పేర్లు నేర్చుకున్నది ఆ ముద్దల్లోనే.

ఇప్పుడు వాడికి పన్నెండేళ్ళు. కిందటి ఆగస్టులో, బడి తెరిచే ముందు, ఏటా చేయించే వైద్య పరీక్షకు తీసుకెళ్ళాను. డాక్టరుగారు ఇంట్లో ఎవరికి ఏ జబ్బులున్నాయో అడిగారు. మామగారికి నలభై ఐదేళ్ళకే షుగరు వచ్చింది. మావారికి ముప్పై ఎనిమిదికే వచ్చింది. మా నాన్నకూ ఉంది. అంతా విని ఆమె రక్త పరీక్ష రాస్తే నాకు ఆశ్చర్యం వేసింది. వాడు వెదురుబద్దలా ఉంటాడు. చొక్కా విప్పితే పక్కటెముకలు లెక్కపెట్టవచ్చు. అలాంటి పిల్లవాడికి, రెండు మూడు నెలల సగటు చక్కెరను చూపే హెచ్‌బీఏ1సీ పరీక్షలో 5.8 వచ్చింది. 5.7 నుంచి 6.4 దాకా ఉంటే ప్రీడయాబెటిస్, అంటే షుగరు గుమ్మంలో ఉన్నట్టు లెక్క.

దక్షిణాసియా వాళ్ళు సన్నగా ఉన్నారని నిశ్చింతగా ఉండకూడదని డాక్టరుగారు చెప్పారు. పెద్దవాళ్ళలో షుగరు పరీక్షకు బీఎంఐ, అంటే ఎత్తునుబట్టి బరువును చూపే అంకె, 25 దాటడాన్ని ఇక్కడ ఒక గుర్తుగా చూస్తారు. ఆసియా మూలాలున్నవారికి దాన్ని 23కు తగ్గించాలని అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ 2015లో సిఫారసు చేసింది. ఇంటికి వచ్చి చదువుతుంటే ఒక ఫొటో గురించి తెలిసింది. పుణె వైద్యుడు చిత్తరంజన్ యాజ్ఞిక్, లండన్ వైద్యుడు జాన్ యుడ్కిన్ పక్కపక్కన నిలబడి తీయించుకున్న ఫొటో అది. 2004లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది. ఇద్దరి బీఎంఐ ఒక్కటే, 22.3. శరీరంలో కొవ్వు మాత్రం యుడ్కిన్‌కు 9.1 శాతం, యాజ్ఞిక్‌కు 21.2 శాతం. మన పిల్లలు పుట్టుకతోనే బరువు తక్కువగా, ఆ తక్కువ బరువులోనే కొవ్వు ఎక్కువగా ఉంటారని యాజ్ఞిక్ బృందం పుణె చుట్టుపక్కల పల్లెల్లో ఏళ్ళ తరబడి పరిశీలించి చెప్పింది. నా కొడుకు పక్కటెముకలను చూసి జాలిపడి, ప్రతి రాత్రీ ఇంకో గరిటెడు అన్నం వడ్డిస్తూ వచ్చిన దాన్ని నేను. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మర్నాటి నుంచి వారం రోజులు వాడు తిన్నదంతా ఒక పుస్తకంలో రాశాను. పొద్దున తియ్యటి సీరియల్, పాలు. బడిలో పిజ్జా ముక్క, చాక్లెట్ పాలు. నాలుగు గంటలకు ఇంటికి వచ్చాక చిప్స్, పళ్ళరసం డబ్బా. రాత్రి ఏడున్నరకు పప్పు, చెంచాడు కూర, మూడు పెద్ద గరిటెల అన్నం, మళ్ళీ పెరుగులోకి ఇంకొకటి. తర్వాత హోంవర్క్, పడక.

ఈ లెక్కలో పగటి భాగాన్ని చూసి అమెరికాను తిట్టుకోవడం సులువు. మొదట నేనూ అదే చేశాను. తిట్టుకోవడానికి కారణం లేకపోలేదు. రెండేళ్ళు దాటిన పిల్లలకు రోజుకు 25 గ్రాములకు మించి అదనపు చక్కెర వద్దని ఇక్కడి హార్ట్ అసోసియేషన్ చెబుతుంది. ఒక్క కోకా కోలా డబ్బాలోనే 39 గ్రాములుంటుంది. 2019లో ఇక్కడి జాతీయ ఆరోగ్య సంస్థలో కెవిన్ హాల్ బృందం ఇరవై మందిని ఆస్పత్రిలోనే ఉంచి, రెండు వారాలు ఫ్యాక్టరీల్లో బాగా ప్రాసెస్ చేసిన తిండి, రెండు వారాలు మామూలుగా వండిన తిండి పెట్టింది. ఎంత కావాలంటే అంత తినమన్నారు. మొదటి రకం తిండి దొరికినప్పుడు వాళ్ళు రోజుకు సుమారు 500 క్యాలరీలు ఎక్కువ తిన్నారు. ఒళ్ళూ చేశారు. ఆకలి వాళ్ళదే, సంకల్పమూ వాళ్ళదే. మారింది తిండి ఒక్కటే. పిల్లలకు నిగ్రహం లేదని విసుక్కునే తల్లిదండ్రులు ఈ ప్రయోగం గురించి తప్పక తెలుసుకోవాలి.

నిజానికి పగటి తిండిని సర్దడానికి మాకు పది రోజులు కూడా పట్టలేదు. పళ్ళరసం కొనడం ఆపేశాను. సీరియల్ బదులు పెసరట్టు మొదలైంది. డబ్బాల మీద అదనపు చక్కెర ఎంతో రాసే వరుసను చదవడం మా ఎనిమిదేళ్ళ చిన్నదానికి ఆటైపోయింది. చిక్కంతా రాత్రి అన్నం దగ్గర వచ్చింది.

సెప్టెంబరులో మా వాడికి బడిలో ఆరోగ్య పాఠం చెప్పారు. ఇక్కడి వ్యవసాయ శాఖ 2011లో తెచ్చిన ఒక కంచం బొమ్మ చూపించారట. అందులో సగం కూరగాయలూ పండ్లూ, పావు వంతు ధాన్యం, పావు వంతు మాంసకృత్తులు. పక్కన ఒక చిన్న కప్పులో పాలు. నిన్న రాత్రి మీరు తిన్న కంచం కూడా గీసుకురండి అన్నారట. వాడు గీశాడు. పప్పుకు పసుపు రంగు, బెండకాయలకు ఆకుపచ్చ రంగు వేశాడు. అన్నం తెల్లగానే ఉంటుంది కనుక దానికి రంగు వేయలేదు. కంచంలో ముప్పాతిక భాగం ఉత్త కాగితంలా ఉంది.

ఆ బొమ్మ నా ముందు పెట్టి ఇంగ్లీషులో అడిగాడు. అమ్మా, మన తిండి మంచిది కాదా?

రక్త పరీక్ష కాగితం చూసినప్పటికన్నా ఆ మాటకు ఎక్కువ భయపడ్డాను. ఈ దేశంలో పెరిగే పిల్లలకు ఇంటి భాష బయట పనికిరాదని ఎవరూ చెప్పకుండానే అర్థమైపోతుంది. ఇంటి తిండి కూడా ఒంటికి పనికిరానిదని వాడు నిశ్చయించుకుంటే ఇక నా దగ్గర మిగిలేది ఏముంది? అలాగని మన పూర్వీకుల భోజనమంతా అమృతమని అబద్ధం చెప్పలేను. ఇంటర్నెట్‌లో అలా చెప్పేవాళ్ళకు కొదవ లేదు. వాడు రెండు నిమిషాల్లో వెతికి నన్ను పట్టేస్తాడు. అందుకని నాకు తెలిసినదీ, చదివి తెలుసుకున్నదీ కలిపి కొన్ని రాత్రులు వాడికి అన్నం కథ చెప్పాను.

నేను కోనసీమలో పుట్టాను. ఒకప్పుడు మన కోస్తా జిల్లాలను ఉత్తర సర్కారులు అనేవారు. బి1 విటమిన్ లేక కాళ్ళు చచ్చుబడే బెరిబెరి జబ్బు దేశంలో ప్రధానంగా కనిపించిన ప్రాంతం అదే. పక్కనే ఉన్న తమిళులు కూడా బియ్యమే తినేవారు. అయితే వాళ్ళు వాడేది ఉప్పుడు బియ్యం. వడ్లను ఉడకబెట్టి ఆరబెట్టినప్పుడు పైపొరలో ఉండే బి1 విటమిన్ గింజ లోపలికి ఇంకుతుంది. మనవాళ్ళు పచ్చి వడ్లను మరాడించి, తవుడు గేదెలకు పెట్టి, తెల్ల బియ్యం తిన్నారు. జావాలో ఐక్‌మన్ అనే డచ్చి వైద్యుడు తెల్లన్నం తిన్న కోళ్ళు కాళ్ళు పడిపోయి కూలబడటం, ముడిబియ్యం పెడితే తేరుకోవడం గమనించాడు. 1929లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. మన దేశంలో రాబర్ట్ మెకారిసన్ 1918లో కూనూరులో ఒక్క గదిలో బెరిబెరి పరిశోధన మొదలుపెట్టాడు. అది పెరిగి 1958లో హైదరాబాదుకు తరలివచ్చింది. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ అదే. వాళ్ళ నాన్న చిన్నప్పుడు ఆ గేటు ముందు నుంచే సిటీ బస్సులో వెళ్ళేవాడని చెబితే మా వాడి కళ్ళు మెరిశాయి.

మావారి వైపు కథ వేరు. వాళ్ళది పాలమూరు. తాతగారి రోజుల్లో ఇంట్లో జొన్నరొట్టె, జొన్న సంకటి. అన్నం వండేది పండగకే. జొన్నలు బంగారమని ఇప్పుడు అందరం అంటున్నాం కానీ, ఏడాది పొడుగునా జొన్న తప్ప మరేదీ దొరకని దక్కన్ పేదలకు పెల్లగ్రా వచ్చేదని అదే హైదరాబాదు సంస్థలో గోపాలన్, శ్రీకాంతియా 1960లో రాశారు. ఎండ తగిలిన చోటల్లా చర్మం మాడినట్టయ్యే జబ్బు అది. జొన్న పక్కన పప్పో, పాలో, మాంసమో ఉన్న ఇళ్ళకు ఆ బెడద లేదు. 1983లో ఎన్టీ రామారావు ప్రభుత్వం కిలో రెండు రూపాయలకు బియ్యం ఇచ్చింది. ఆకలి తీరింది. ఆ మేలును నేను తక్కువ చేయను. మామగారు ఇప్పటికీ ఆ మాట ఎత్తితే దణ్ణం పెడతారు. అయితే జొన్న మెల్లగా కంచంలోంచి జారిపోయింది.

ఇంత చెప్పాక వాడి ప్రశ్నకు నాకు ఒక జవాబు దొరికింది. మన తిండి అని వాడు గీసిన కంచం వాడి ముత్తాతలు ఎవరూ ఎరగని కంచం. ముత్తాత చేలో దిగి పొద్దుగూకేదాకా నడుము వంచేవాడు కాబట్టి ఎంత అన్నమైనా అరిగిపోయేది. మా పిల్లలు కారు దిగి బడిలో కూర్చుంటారు, మళ్ళీ కారెక్కి ఇంట్లో కూర్చుంటారు. హైదరాబాదులో మా పిన్ని పిల్లలదీ ఇదే పరిస్థితి. 2023లో వెలువడిన భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) సర్వే ప్రకారం దేశంలో 10 కోట్ల 10 లక్షల మందికి మధుమేహం ఉంది, 13 కోట్ల 60 లక్షల మంది దాని గుమ్మంలో ఉన్నారు. మనవాళ్ళ క్యాలరీల్లో దాదాపు 62 శాతం పిండిపదార్థాల నుంచే వస్తోందని, అందులో ఎక్కువ భాగం తెల్లన్నం, మరపిండి, చక్కెర అని అదే సర్వే తర్వాత తేల్చింది. ప్రపంచం మొత్తం మీద 2017లో సరైన ఆహారం లేక జరిగిన మరణాలను లెక్కిస్తే కోటీ పది లక్షలని తేలింది. పెద్ద కారణాలుగా కనిపించినవి ఉప్పు ఎక్కువ కావడం, పొట్టు తీయని ధాన్యాలు, పండ్లు తగినన్ని తినకపోవడం.

ఇంట్లో చేసిన మార్పులు చిన్నవే. ముడిబియ్యం రెండు వారాలు వండాను, ఎవరూ ముద్ద మింగలేదు, మానేశాను. దాని బదులు కంచంలో వరస మార్చాను. ముందు కూర, పప్పు, ఆఖరున అన్నం. కూరగాయలూ మాంసకృత్తులూ ముందు తింటే అదే భోజనం తర్వాత రక్తంలో చక్కెర తక్కువగా పెరుగుతుందని పరిశోధనల్లో తేలింది. వడ్డించే పెద్ద గరిటె తీసేసి చిన్న కప్పు పెట్టాను. పప్పులో నీళ్ళు తగ్గాయి, ఆకుకూర పెరిగింది. టెక్సాస్ ఎండకు గోంగూర, బచ్చలి పెరట్లో విరగకాస్తాయి. వారానికి రెండు రాత్రులు మావారు జొన్నరొట్టె చేస్తారు. చేత్తో తట్టడం వాళ్ళమ్మ దగ్గర నేర్చుకున్నారు, పిల్లలు పక్కన చేరి చప్పుడు లెక్కపెడతారు. తిన్నాక నలుగురం పావుగంట నడుస్తాం. భోజనాల దగ్గర షుగరు అనే మాట, బరువు అనే మాట ఎవరూ ఎత్తకూడదని నియమం పెట్టాను. ముఖ్యంగా చిన్నదాని కోసం. తిండికి భయపడే ఆడపిల్లలు ఇక్కడ చాలామంది కనిపిస్తారు.

ఇదంతా వీడియో కాల్‌లో చూసి మా అమ్మ గొంతు వణికింది. "ఏమ్మా, పిల్లవాడికి కడుపునిండా అన్నం కూడా పెట్టడం లేదా?" అంది. నేను చెప్పిన అంకెలేవీ ఆమె చెవికెక్కలేదు. రెండు రోజుల తర్వాత తనే ఫోను చేసింది. వాళ్ళమ్మ రోట్లో దంచిన బియ్యం వండేదట. ఊళ్ళోకి మర వచ్చాక మొదటిసారి మల్లెమొగ్గల్లాంటి అన్నం వండిన రోజు ఇంటిల్లిపాదీ కంచం చుట్టూ చేరి చూశారట. "అంత తెలుపు మేమెప్పుడూ చూడలేదే" అంది. తర్వాత కాసేపు ఏమీ మాట్లాడలేదు. ఆఖరికి, "వాడికి కందిపచ్చడి ఇష్టం కదా, అది ఎక్కువగా చేసి పెట్టు" అంది.

ఫిబ్రవరిలో మళ్ళీ పరీక్ష చేయిస్తే 5.6 వచ్చింది. హద్దుకు ఇవతలే, కానీ అంచు మీదే. ఆగస్టులో మళ్ళీ రమ్మన్నారు. కారులో వాడు ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకుని, ఉగాదికి ఎప్పటిలాగే పులిహోర చేస్తావా అని అడిగాడు. చేస్తానన్నాను. ఎన్ని కప్పులు తినవచ్చని అడిగాడు. పండగ నాడు కప్పుతో కొలవనన్నాను.