పదో ఎత్తులో తప్పిన లెక్క

గత ఆదివారం నల్లగొండ క్లాక్ టవర్‌కు దగ్గరలోని ఒక ఫంక్షన్ హాలులో జరిగిన చదరంగం టోర్నమెంటు నాలుగో రౌండులో, దేవరకొండ నుంచి వచ్చిన పదో తరగతి పిల్లవాడితో నాకు తెల్లపావులు పడ్డాయి. నేను ఎప్పటిలాగే సి4 ఆడాను, అంటే బంటును సి4 అనే గడిలోకి తోశాను, అతడు సి5 ఆడాడు. ఆ తరువాత రెండు వైపులా గుర్రాలు బయటికి వచ్చి, శకట్లు జి2, జి7 గళ్లలో కుదురుకొని, ఇద్దరమూ రాజును ఏనుగు కాపలాలోకి చేర్చే క్యాసిలింగ్ చేసుకునేసరికి, ఆరో ఎత్తు ముగిసిన బోర్డు మధ్యన అద్దం నిలబెట్టినట్లు కనిపించింది. 1843లో పారిస్‌లో ఫ్రెంచి ఆటగాడు సెయింట్ అమాంట్‌పై ఇంగ్లండ్ ఆటగాడు స్టాంటన్ సి4తో ఆట మొదలుపెట్టిన నాటి నుంచి ఈ ఆరంభానికి ఇంగ్లిష్ ఓపెనింగ్ అని పేరు. నల్లపావులు సి5తో బదులిస్తే అది సిమెట్రికల్ వేరియేషన్, అంటే రెండు వైపులా ఒకేలా సాగే రకం, అవుతుంది.

చాలామంది దీనిని చప్పటి ఆట అంటారు, నేను ఒప్పుకోను. ఎదుటివాడు ఎంత అనుకరించినా ఎత్తు వంతు తెల్లదే కనుక, అద్దాన్ని ముందుగా పగలగొట్టే అవకాశమూ తెల్లదే. ఏడో ఎత్తులో డి4తో నేను చేసింది అదే. బంట్లు, గుర్రాలు మారిపోయి నా మంత్రి డి4లో నిలిచింది, అతడు డి6 ఆడాడు. ఇక్కడ మంత్రిని డి3కి తీసుకోవడమే అందరికీ తెలిసిన దారి. నేను మాత్రం కేంద్రం నాదేనన్న ధీమాతో ఈ4 తోశాను.

గుర్రం జి4కు దూకగానే దాని వెనుక జి7లో ఉన్న శకటు నా మంత్రిని చూసింది. మంత్రి డి3కి వెళ్తే గుర్రం ఈ5కు వచ్చింది, ఈ2కు వెళ్తే రెండో శకటు జి4కు వచ్చింది. ఎఫ్3తో దాన్ని ఈ6కు తరిమి, సి4 బంటును కాపాడుతున్నానని బి3 ఆడాను. పిల్లవాడు నిమిషం కూడా ఆలోచించలేదు. గుర్రంతో సి4 బంటును కొట్టాడు, నేను బంటుతో ఆ గుర్రాన్ని తీశాను, జి7 శకటు సి3లోని నా గుర్రాన్ని తిని మూలనున్న ఏనుగు మీద గురిపెట్టింది. ఆ గుర్రానికి కాపలా లేదన్న సంగతి నాకు అప్పుడు తెలిసింది.

ఆట ముగిశాక పావులు మళ్లీ పేర్చి, "ఈ4 కాదంకుల్, ముందు మంత్రిని జరుపుకునేదుండె" అన్నాడు. ఐదో రౌండుకు పిలుపు వచ్చేదాకా ఆ ఒక్క స్థితినే ఇద్దరమూ తిప్పి తిప్పి ఆడాము.