పూర్వా సంధ్యా: తూర్పు ముఖంగా నిలబడినప్పుడు

శ్రీ వేంకటేశ్వర సుప్రభాతంలోని మొదటి శ్లోకం, ‘కౌసల్యా సుప్రజా రామ పూర్వా సంధ్యా ప్రవర్తతే’, వాల్మీకి రామాయణం బాలకాండ 23వ సర్గలోనిది. సరయూ తీరాన ఆకుల పడకపై నిద్రిస్తున్న రాముణ్ణి విశ్వామిత్ర మహర్షి ఈ మాటతోనే మేల్కొలిపాడు. చిన్ననాటి నుంచి వింటున్న శ్లోకమే అయినా, ఇందులోని ‘పూర్వా’ అనే పదం దగ్గర నా మనసు ఆగింది చాలా ఆలస్యంగానే. రోజులో మొదట వచ్చే సంధ్య అని ఒక అర్థం, తూర్పున వెలిగే సంధ్య అని మరొక అర్థం; ఒకటి చెప్పుకుంటుంటే రెండవది కూడా చెవిన పడుతూనే ఉంటుంది.

సంస్కృతంలో దిక్కుల పేర్లు ఉదయసూర్యునికి ఎదురుగా నిలబడిన మనిషిని బట్టి ఏర్పడ్డాయి. ‘ప్రాచీ’ అంటే ముందున్న దిక్కు. అలా నిలబడితే కుడిచేతి వైపున్నది దక్షిణం, వీపు వెనుక ఉన్నది పశ్చిమం. దేవుణ్ణి కుడివైపున ఉంచుకుని తిరిగే ప్రదక్షిణలో ఉన్నదీ ఆ ‘దక్షిణ’ శబ్దమే. తప్పు జరిగిపోయిన వెనుక కలిగే బాధను పశ్చాత్తాపం అంటున్నామంటే, అదీ పశ్చిమానికి చుట్టమైన మాటే. ‘ప్రాచీన’ శబ్దానికి తూర్పుది అనీ, పాతది అనీ రెండర్థాలున్నాయి. నన్ను ఎక్కువగా కదిలించింది ఇదే: గడిచిపోయిన కాలాన్ని వెనుక వదిలిన దానిగా కాక, కళ్ల ముందున్న దానిగా చూపిన పదాలివి.

మా నాన్నగారు తెల్లవారుజామున పెరట్లో, బావి పళ్లెం పక్కన నిలబడి అర్ఘ్యం ఇచ్చేవారు. దోసిలిలోని నీళ్లు వేళ్ల కొసల మీదుగా జారి కిందికి పడేవి. జపం ముగిశాక ‘నమః ప్రాచ్యై దిశే’ అని మొదలుపెట్టి, ఒక్కొక్క దిక్కుకే తిరిగి నమస్కరించేవారు. ఆ మంత్రం దిక్కుకే కాక, ఆ దిక్కులో నివసించే దేవతలకు కూడా నమస్కారం చెబుతుంది.

ఇప్పుడు ఆ రాగి చెంబు నా చేతిలో ఉంది. పితృకార్యానికి దక్షిణ దిక్కును చెప్పిన శాస్త్రాన్ని నేను కాదనడం లేదు. అయినా అర్ఘ్యం విడుస్తూ తలెత్తినప్పుడు, పూర్వులు అన్న మాటలోని ‘పూర్వ’ శబ్దం నాకు చూపించేది ఎర్రబడుతున్న ఆ ఆకాశాన్నే.