మాల్దీవుల్లో టమాటా లెక్క

మాల్దీవుల్లో టీచర్‌ని. సెలవులకి చిత్తూరు వస్తే చాలు, "అక్కడ బియ్యం దొరుకుతాయామ్మా?" అంటుంది పెద్దమ్మ. దొరుకుతాయి. బియ్యం, గోధుమపిండి, చక్కెరకి అక్కడి ప్రభుత్వం సబ్సిడీ ఇస్తుంది, టెన్షన్ లేదు. ట్యూనా చేపా చవకే. జీతం కరిగేదంతా కూరగాయల దగ్గరే. చాలావరకు ఇండియా, శ్రీలంకల నుంచి రావాలి. రాజధాని మాలే నుంచి మా దీవికి మళ్లీ పడవ కిరాయి. సముద్రం బాగాలేక పడవ ఆగిందా, వాడిపోయిన బెండకాయకి కూడా బేరమాడే వీలుండదు. ధర లేక మదనపల్లెలో టమాటాలు రోడ్డున పారబోయడం చూసినదాన్ని, అక్కడ నాలుగంటే నాలుగే ఏరుకుంటా. పులుపుకి చింతపండే దిక్కు. అదీ, రాగిపిండి, ఉలవలు, బెల్లం ఇక్కడి నుంచే మోసుకెళ్తా. సూట్‌కేసులో ముందు అవి. చీరల సంగతి తర్వాత.