ఆవిడ మా ఆవిడ కాదు

సామర్లకోట నుంచి వస్తూ బండి మీంచి పడ్డాను. హెల్మెట్ ట్యాంకు మీదుంది, తలకి లేదు. తలలో కుడివైపు రక్తం గడ్డకట్టిందని ఆపరేషన్ చేశారట. అదేదీ గుర్తులేదు. గుర్తున్నదల్లా ఇంటికొచ్చాక జరిగింది.

ఇంట్లో ఎవరో ఒకావిడ ఉంది. మా ఆవిడ చీరే కట్టుకుంది, అదే నడక, చెంప మీద పుట్టుమచ్చ కూడా ఉంది. కానీ మా ఆవిడ కాదు. "మర్చిపోయావా?" అని అందరూ అడుగుతారు. మర్చిపోలేదు. మనవాళ్ల మొహం చూడగానే లోపల ఏదో కదులుతుంది కదా, అది కదల్లేదు. పుట్టుమచ్చ చూసి, ఎంత జాగ్రత్తగా దించారో అనుకున్నాను!

పదకొండేళ్లు 'నువ్వు' అన్న మనిషిని 'మీరు' అనడం మొదలుపెట్టాను. "కాఫీ అక్కడ పెట్టండి, మీకెందుకు శ్రమ." తిట్టినా ఓర్చుకునేదాన్ని, ఆ 'అండి' వింటేనే ఏడుపొచ్చేది అని తర్వాత చెప్పింది. రాత్రిళ్లు గది గడియ పెట్టుకునేవాణ్ణి.

ఒకరోజు కూరల మార్కెట్ నుంచి ఫోన్ చేసింది. గొంతు వినగానే ప్రాణం లేచొచ్చింది. "ఎక్కడికెళ్లిపోయావు? ఇంట్లో ఎవరో నీలాగే తయారై తిరుగుతోంది, తొందరగా రా" అన్నాను. పాపం, ఆటో ఎక్కి వచ్చింది. తలుపు తీస్తే మళ్లీ ఆవిడే.

అమ్మ తాయెత్తు కట్టించింది. డాక్టరుగారు మాత్రం ఫోన్ సంగతి రెండుసార్లు చెప్పించుకున్నారు. దీన్ని కాప్‌గ్రా సిండ్రోమ్ అంటారట, 1923లో ఫ్రాన్స్‌లో దీని గురించి రాసిన డాక్టరు పేరే పెట్టారట. మెదడులో మొహాన్ని గుర్తుపట్టే భాగం బాగానే ఉంటుంది, అక్కణ్ణుంచి మమకారం పుట్టించే అమిగ్డలా అనే భాగానికి వెళ్లే దారి తెగుతుంది, గొంతుది వేరే దారి అన్నారు. చెన్నైలో వైద్యం చదివిన మెదడు శాస్త్రవేత్త వి.ఎస్. రామచంద్రన్ చూసిన ఒక కుర్రాడూ అంతేనట. తలకు దెబ్బ తగిలాక, ఎదురుగా ఉన్న అమ్మానాన్నలు నకిలీలు, ఫోన్‌లో మాత్రం అసలువాళ్లు.

రాత్రికో మాత్ర ఇచ్చారు. అప్పట్నుంచి మా ఆవిడ గుమ్మం అవతలి నుంచే మాట్లాడుతూ లోపలికి వచ్చేది. నాలుగో నెలలో ఒక మధ్యాహ్నం "పప్పులో ఉప్పేయలేదా నువ్వు?" అన్నాను. గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

"మళ్లీ అనండి" అంది.

సాయంత్రానికి మళ్లీ 'మీరు' అన్నానట. పూర్తిగా పోవడానికి ఇంకో రెండు నెలలు పట్టింది. ఇప్పటికీ ఫోన్‌లో ఎవరితోనైనా "చెప్పండి మేడమ్" అంటే వంటింట్లోంచి తొంగిచూస్తుంది.