నెట్ ఇంగ్లిష్: తొలితరం ఆఫ్రికన్ అమెరికన్ కవులను ఎలా చదివాను?

నెట్ (కళాశాల అధ్యాపకుల అర్హత పరీక్ష) ఇంగ్లిష్‌కు సిద్ధమవుతున్న చాలామంది నల్లజాతి కవిత్వాన్ని 1920ల నాటి న్యూయార్క్ హార్లెం ప్రాంతపు కవులతో మొదలుపెడతారు. అంతకుముందు 170 ఏళ్లకు పైబడిన చరిత్ర గైడ్లలో నాలుగు పేర్లుగా, నాలుగు తేదీలుగా కుదించుకుపోయి ఉంటుంది. మిత్రులారా, ఆ నాలుగు పేర్ల వెనకున్న కవితలను దయచేసి చదవండి. చాలావరకు చిన్నవే, ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి.

నన్ను పట్టి నిలిపింది ఫిలిస్ వీట్లీ. ఏడెనిమిదేళ్ల పిల్లను పశ్చిమాఫ్రికా నుంచి తెచ్చి 1761లో బోస్టన్‌లో అమ్మారు. తెచ్చిన ఓడ పేరు ఫిలిస్, కొన్న కుటుంబం ఇంటిపేరు వీట్లీ. కన్నవాళ్లు పెట్టిన పేరేమిటో చరిత్రకు అందలేదు. 1773లో లండన్‌లో ఆమె కవితా సంపుటి వెలువడినప్పుడు, ఇవి ఆమె రాసినవేనని 18 మంది బోస్టన్ పెద్దమనుషులు ధ్రువీకరించాల్సి వచ్చింది!

‘ఆన్ బీయింగ్ బ్రాట్ ఫ్రమ్ ఆఫ్రికా టు అమెరికా’ ఎనిమిదే పంక్తులు, హీరోయిక్ కప్లెట్లు (రెండేసి పంక్తులకు అంత్యప్రాస కలిసే ఛందస్సు). మొదటి నాలుగింటిలో తనను క్రీస్తు చెంతకు చేర్చిన దైవకృపకు కృతజ్ఞత. అక్కడే ఆగి ఆమెను విధేయురాలని తేల్చేసే విమర్శను నేను ఒప్పుకోను. అయిదో పంక్తిలో గొంతు మారుతుంది: మా జాతిని చీదరించుకుని చూసేవారున్నారు అంటుంది. ఏడో పంక్తిలో ‘క్రైస్తవులు’, ‘నీగ్రోలు’ అన్న మాటలను కామాలతో పక్కపక్కన నిలబెట్టింది. క్రైస్తవులకు చేసిన హెచ్చరికగా చదవవచ్చు. ఇరువురూ పాపంతో నల్లబడినవారే, ఇరువురికీ శుద్ధి కావాలనీ చదవవచ్చు. బానిసగా ఉన్న పదిహేనేళ్ల ప్రాయపు అమ్మాయి యజమానుల మతంతోనే యజమానులను నిలదీసింది.

కాలక్రమం ప్రశ్నల్లో ‘తొలి’ అన్న చోట జాగ్రత్త. మనకు తెలిసిన తొలి రచన లూసీ టెర్రీ ‘బార్స్ ఫైట్’. 1746 నాటి సంఘటనపై చెప్పిన ఆ కవిత పుస్తకంలో అచ్చయింది 1855లో. కవిత అచ్చయిన తొలి కవి జూపిటర్ హామన్; ‘యాన్ ఈవెనింగ్ థాట్’ మీద 1760 క్రిస్మస్ తేదీ ఉంటుంది. తొలి కవితా సంపుటి వీట్లీది. హామన్ 1778లో వీట్లీనే ఉద్దేశించి ఒక కవిత రాశాడు. చరణాల పక్కన బైబిల్ వాక్యాల సూచికలు ఉంటాయి. చూస్తే ఇక మరిచిపోరు.

తర్వాత జార్జ్ మోజెస్ హార్టన్‌ను తీసుకోండి. నార్త్ కరోలినాలో బానిస. అక్కడి చాపెల్ హిల్ విశ్వవిద్యాలయ విద్యార్థులకు ప్రేమకవితలు అల్లి అమ్మేవాడు. రాయడం రాకముందే కవితలు మనసులో కట్టుకుని, చెప్పి రాయించేవాడు. తన స్వేచ్ఛను కొనుక్కోవాలన్న ఆశతోనే 1829లో ‘ది హోప్ ఆఫ్ లిబర్టీ’ తెచ్చాడు. డబ్బు సరిపడా రాలేదు. అతనికి విడుదల 1865లో, అంతర్యుద్ధంలో ఉత్తరాది (యూనియన్) సైన్యం వచ్చాకే. వీట్లీ భక్తి చాటున అన్నది హార్టన్ బాహాటంగా అంటాడు. ఇద్దరినీ ఒకే రోజు, పైకి చదవండి. ఆ తర్వాతి కవులైన ఫ్రాన్సెస్ హార్పర్ ‘ది స్లేవ్ మదర్’కు, పాల్ లారెన్స్ డన్‌బార్ ‘వీ వేర్ ది మాస్క్’కు మరో రోజు కేటాయించండి.